పప్పు ఉడకని ఏడాది

క్రితం వారం మనం దుర్గమ్మను మొగలిలంక హైస్కూలు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. లోపలికి రావాలో వెనక్కి పోవాలో తెలియక ఆవిడ, రమ్మనలేక పొమ్మనలేక లోపల ఊరు. ఆ ఊరికి ఉప్పునీళ్ళ జబ్బు పట్టి మూడేళ్ళయింది. బావులు చెడిపోయాయి, కొబ్బరిచెట్లు తలలు వాల్చేశాయి. దీనికంతటికీ సముద్రం మీద వేటకెళ్ళే ఏడుకొండలు కొత్తగా తవ్వుకున్న రొయ్యల చెరువే కారణమని ఊరు తేల్చేసింది. రొయ్యలు పట్టి అమ్ముకోడానికి ఇంకా వారం ఉందనగా ఆ చెరువుగట్టుకు గండి కొట్టింది. రొయ్యలు పాయ పాలయ్యాయి. ఏడుకొండలు పాత నావ వేసుకుని, గాలివాన వస్తుందంటున్నా వినకుండా సముద్రం మీదకు వెళ్ళాడు. నావ చెక్కలు ఒడ్డుకు వచ్చాయి గానీ మనిషి రాలేదు. దుర్గమ్మ అతని భార్య.

గండి కొట్టించింది ఊరిపెద్ద భీమరాజుగారని అందరూ అనుకుంటారు. ఆయన ఎప్పుడూ కాదనలేదు. ఆయన కూతురు శ్రీవాణి అమలాపురంలో చదువుకుని, నీళ్ళ సర్వేలో ఉద్యోగం చేస్తూ, చివరికి ఏ నుయ్యి ఎప్పుడు చెడిందో చూపించే మిషనును సొంత ఊరికే పట్టుకొచ్చింది. పిల్లలకు చదువు చెప్పిస్తే ఇదిగో ఇలాంటి ప్రమాదాలే ఉంటాయి.

"రా అత్తా. గుమ్మంలో నిలబడకు," అంటూ శ్రీవాణి వెళ్ళి దుర్గమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

బెంచీ చూపించినా దుర్గమ్మ కూర్చోలేదు. "కూచోడానికి రాలేదండి అమ్మాయిగారూ. మా ఆయన మీ నీళ్ళు పాడు చేసేడో లేదో ఇయ్యాల తేలిపోద్దన్నారు. చేసేడని తేలితే నోరు మూసుకుని ఎల్లిపోతాను. చెయ్యలేదని తేలితే మటుకు ఒక్కరు, ఈ ఊళ్ళో ఒకే ఒక్కరు, అందరూ వినేటట్టు ఆ మాట నోటితో అనాలండి. అంతకంటే నాకేం వద్దు."

ముందు వరసలో భీమరాజుగారు భుజం మీద కండువా సర్దుకున్నారు. ఆయన పక్కన భార్య పద్మావతమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న తెల్లబోర్డు వంకే చూస్తోంది.

తలుపంత బోర్డు అది. బెంచీ మీద పెట్టిన ప్రొజెక్టరు దాని మీదకు మొగలిలంకను విసురుతోంది. ఆకాశంలోంచి తీసిన ఫొటోలో పాయ, పాయకు అటూ ఇటూ కొబ్బరితోటలు, ఇళ్ళ కప్పులు, ఒక్కో ఇంటికీ ఒక్కో బావి. వేలితో బావిని తాకితే చాలు, అక్కడ చుక్క పడుతుంది. ఆ నుయ్యి ఏ కాలంలో చెడిందో చెబితే చుక్కకు రంగొస్తుంది. ముందు చెడినవి పసుపు, ఆ తర్వాత నారింజ, ఆఖర్ని చెడినవి ఎరుపు. మనిషి బోర్డు ముందుకొస్తే మనిషి నీడ ఊరి మీద పడుతుంది. బుచ్చిరాజు తన ఇల్లు వెతుక్కోడానికి వెళ్ళి తన నీడతోనే దాన్ని కప్పేసుకుని, ఇల్లు లేదండీ ఇందులో అని గొడవ చేశాడు. ఒక్కళ్ళొచ్చి తాకాలమ్మా అని శ్రీవాణి చెబుతున్నా వినకుండా కాంతం, రాహేలు చెరో పక్కనుంచి వేళ్ళు పెట్టారు. ఎవరి వేలు నమ్మాలో తెలియక బోర్డు ఇద్దరి మధ్యా చుక్క పెట్టింది. అది వెళ్ళి పాయ నడుమ పడింది. నీళ్ళలో కాపరం పెట్టేరేంటే మీరిద్దరూ అని కనకమ్మ అంటే అందరూ నవ్వారు. ఆ రోజు ఆ గదిలో నవ్వు వినిపించడం అదే ఆఖరు.

నుయ్యి ఎప్పుడు చెడిందని అడిగితే మాత్రం ఊరంతటిదీ ఒకటే మాట. చెరువు తవ్వేకే. గోవిందరాజులుదీ అదే, బుచ్చిరాజుదీ అదే. చుక్కలన్నీ ఒకే రంగులో పడి బోర్డుకు ఆటలమ్మ పోసినట్టయింది. శ్రీవాణికి ఒళ్ళు మండింది. నలుగురు కలిసి పదిసార్లు అనుకున్నాక అబద్ధానికి కూడా ఇంటిపేరు వచ్చేస్తుంది, ఇంక దాన్ని గుమ్మం దాటించడం ఎవరి తరమూ కాదు.

ఆమె చుక్కలన్నీ తుడిచేసింది.

"మగవాళ్ళు కాసేపు కూర్చోండి. ఆడవాళ్ళని అడుగుతాను. నుయ్యి ఎప్పుడు చెడిందని కాదు. మీ ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది ఎప్పుడు?"

గదిలో గాజులు కదిలిన చప్పుడైంది. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఎంత సేపు పొయ్యి మీద పెట్టినా గింజ గింజగానే ఉంటుంది. ఆ మొదటి రోజు ఏ ఇల్లాలూ మరిచిపోదు. ఆ పూట అన్నంలోకి ఏం పెట్టాలో తెలియక ఏడ్చినంత పని అయి ఉంటుంది కాబట్టి.

ముందు కనకమ్మ లేచింది. "మా కోడలు పురిటికెళ్ళొచ్చిన కొత్తల్లోనండి. బాలింత పిల్లకి పప్పన్నం పెడదామంటే ఎంతకీ ఉడకదే. పుచ్చుపప్పు అంటగట్టేడని షావుకారు మీదకి దెబ్బలాటకెళ్ళేను."

"అది సునామీకి ముందా, తరవాతా పెద్దమ్మా?"

"ముందేనమ్మా. సునామీ నాటికి మనవడు పాకుతున్నాడు. వాణ్ణి చంకనేసుకునే కదా స్కూలు మేడ మీదకి పరిగెట్టేం."

కాంతం లెక్క ఇంకా ముందుది. ఆమె ఇల్లు పాయ వెళ్ళి నదిలో కలిసే చోట. "పుష్కరాలు అయిపోయిన తరవాత వచ్చిన వేసంగండి. మా మరిది పెళ్ళిచూపులకి వచ్చినోళ్ళకి ముద్దపప్పు చేద్దామనుకుని పరువు పోగొట్టుకున్నాం."

రాహేలు తనది వానాకాలంలోనంది. కాదు, ఎండలు ముదిరేకని కనకమ్మ సరిదిద్దింది. కాదండి, మీ ఇంట్లో సబ్బు నురగ రావట్లేదని మీరు నాతో అన్న రోజున మా నుయ్యి బాగానే ఉందని రాహేలు గుర్తు చేసింది. అవును సుమా అని కనకమ్మ ఒప్పుకుంది. ఇలా ఒకరి జ్ఞాపకాన్ని ఒకరు లాగి, తోసి, పెళ్ళిళ్ళూ పురుళ్ళూ చావులూ ఆనవాళ్ళుగా పెట్టుకుని, ఆడవాళ్ళంతా బోర్డు చుట్టూ మూగారు. పడిన చుక్కల్ని తీసి మళ్ళీ పెట్టారు. మగవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. పప్పు తిన్నవాళ్ళే గాని, అది ఉడికిందో లేదో కనుక్కున్నవాళ్ళు వాళ్ళలో ఎవరున్నారు గనక.

"ఇప్పుడు చెరువు ఎప్పుడు తవ్వేరో పెట్టాలి. నువ్వే పెట్టు అత్తా," అంది శ్రీవాణి.

దుర్గమ్మ బోర్డు దగ్గరకు వచ్చింది. ఊరికి పైన, పాయ మొదట్లో నీలంగా ఉన్న నలుచదరాన్ని చూపించి, "ఇదేనండీ?" అంది. ఆయ్ అన్నట్టు శ్రీవాణి తలూపింది. దుర్గమ్మ దాన్ని వేలితో తాకడానికి బదులు అరచేత్తో నిమిరింది. పడుకున్న పిల్లవాడి వీపు నిమిరినట్టు నిమిరింది. బోర్డుకు ఆ భాష రాదు. శ్రీవాణి ఆమె వేలు పట్టుకుని ఆనించాల్సి వచ్చింది.

"సునామీ ఎల్లిన తరవాతి వేసంగిలోనండి. మంచి నావలన్నీ పోయేయి కదా, ఇంక సముద్రం వద్దు, నేల మీదే బతుకుదామన్నాడు మా ఆయన."

శ్రీవాణి బోర్డు అడుగున ఉన్న గీతను వేలితో జరపడం మొదలుపెట్టింది. కాలం ఆమె వేలి కింద నడిచింది. పుష్కరాల ఏడు, ఊరు మీద ఒక్క చుక్క లేదు. తరవాతి వేసవిలో పాయ నదిలో కలిసే చోట నాలుగు పసుపు చుక్కలు. వానలకు ఆగాయి. ఎండలకు మళ్ళీ కదిలాయి. పాయకు రెండు పక్కలా, ఒడ్డునే పట్టుకుని, చీమలబారు నడిచినట్టు పైకి పాకాయి. సునామీ వచ్చేసరికి సగం ఊరు పసుపు. అప్పుడు గాని చెరువు పుట్టలేదు. చెరువు చుట్టూ ఉన్న బావులు అన్నిటికన్నా ఆఖర్ని ఎర్రబడ్డాయి.

శ్రీవాణి మళ్ళీ మొదటికి లాగి, ఇంకోసారి నెమ్మదిగా జరిపింది.

"మిషను తిరగేసి చూపిస్తందేమో," అన్నాడు బుచ్చిరాజు. గొంతులో బలం లేదు.

"మిషను ఏమీ చెప్పలేదు బాబాయ్. చుక్కలన్నీ మీ ఇళ్ళవాళ్ళు పెట్టినవే."

ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో ముక్కగా ఉన్న నిజం అది. ఎవరి ముక్క వాళ్ళ వంటింట్లో పొయ్యి పక్కన పడుంది. ఇన్నేళ్ళలో అన్నిటినీ తెచ్చి ఒక్క చోట పరవాలని ఎవరికీ తోచలేదు. పారా, పలుగూ పట్టుకుని గట్టు మీదకు మాత్రం అందరూ కలిసే వెళ్ళారు.

"మా నుయ్యి ఎప్పుడు చెడిందో ఎవరూ అడగలేదండి," అంది దుర్గమ్మ. "నేనే చెబుతాను. గండి పడ్డాక చెడింది. అందాకా మీరంతా మా నూతికే వచ్చేవారు. బిందెలు వరసలో పెట్టుకునేవారు. మా ఆయన తోడిచ్చేవాడు. అమ్మగారింటి పప్పు కూడా మా నీళ్ళతోనే ఉడికేదండి."

పద్మావతమ్మ తల వంచుకుంది. ఆ చివర ఎవరో ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. నీళ్ళు తాగిన నూతి పక్కనే గండి కొట్టిన ఊరు మనది అని ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది.

"మరి ఉప్పు ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అని అడిగింది కాంతం. అడుగుతూనే ఆమె కళ్ళు తన ఇంటి పక్కనే ఉన్న చోట ఆగిపోయాయి. పాయ నదిలో కలిసే చోట తూము. తూముకు ఇనప తలుపు.

ఆ తలుపు సంగతి మొగలిలంకలో చంటిపిల్లకైనా తెలుసు. ఎండాకాలంలో సముద్రం పోటు నదిలోకి ఎగదన్నుతుంది. ఆ ఉప్పు పాయలోకి రాకుండా తలుపు దించి ఉంచాలి. మరి పుష్కరాల ఏడు కోటిపల్లీ రాజమండ్రీ వెళ్ళలేని ముసలీ ముతకా ఊళ్ళోనే మునుగుతారని, భీమరాజుగారు పూనుకుని తలుపు ఎత్తించారు. వరదనీరు, ఎర్రగా, తియ్యగా పాయలోకి వచ్చింది. ఊరంతా మునిగింది. పెద్దలకు పిండాలు వదిలింది. తలుపుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. పుష్కరాలయ్యాక దించుదామని చక్రం దగ్గరకు వెళ్ళిన వాళ్ళను పద్మావతమ్మ ఆపింది. గోదారమ్మ నడిచొచ్చిన దారి మూయకూడదంది. ఆ మాట అందరికీ నచ్చింది. అందులో కాదనడానికి ఏముంది? ఆ చక్రం తిప్పే ఇనప పిడిని ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళి దేవుడి గదిలో పెట్టుకుంది. వరదల్లో మేలు చేసిన దారి వేసవిలో ఏం చేస్తుందో ఆలోచించేవాళ్ళు లేకపోయారు. గోదావరి అమ్మ కదా, అమ్మ ఉప్పు మోసుకొస్తుందని ఎవరనుకుంటారు.

ఆవిడ అలా ఎందుకందో కూడా అందరికీ తెలుసు. పుష్కరాల ముందటేడు జ్వరం తగిలి పోయిన కొడుకు ప్రసాదుకు, ఆ తలుపులోంచి వచ్చిన నీళ్ళలోనే పిండం వదిలారు. పిల్లాడి పేరు చెప్పి అడిగితే ఆ తల్లి మాట ఎవరు కాదంటారు? నేనైనా అనను.

భీమరాజుగారు లేచి నిలబడ్డారు. కండువా తీసి చేతిలో పట్టుకున్నారు. ఈ ఊళ్ళో ఆయన కండువా చేతిలో పట్టుకుని నిలబడటం ఎవరూ చూడలేదు.

"ఏడుకొండలు మన నీళ్ళు పాడు చెయ్యలేదు. తలుపు ఎత్తించింది నేను. దాన్ని దించనివ్వకుండా చేసింది మా ఇల్లు. ఇది అందరూ వినాలి." ఆయన దుర్గమ్మ వైపు తిరిగారు. "వినాల్సినవాడు లేడు. నన్ను ఏమనుకున్నా సరేనమ్మా."

దుర్గమ్మ అడిగింది దొరికింది. ఈ మాట కోసం ఏడాదిగా ఎదురుచూసింది. అది వినపడ్డాక గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. మాట వచ్చింది, మనిషి రాలేదు. గోడకు చేరబడి కిందకు జారిపోయి, అప్పుడు ఏడ్చింది. రాహేలు వెళ్ళి పక్కన కూర్చుంది.

ఏడుపు కాస్త తగ్గాక దుర్గమ్మ ముక్కు తుడుచుకుని, "ఈ సంగతి మా ఆయనకి ముందే తెలుసండి," అంది. "పోటు ఎంత దూరం ఎక్కుతుందో చూసుకునేవోడు కదా. గండి పడ్డానికి ముందు రోజు, తలుపు దించమని భీమరాజుగారితో చెప్పొస్తానని పొద్దున్నే మీ ఇంటికొచ్చేడు. మీరు వినలేదేమో అనుకున్నానండి."

"నా దగ్గరికి రాలేదు దుర్గమ్మా," అన్నారు భీమరాజుగారు. "ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. అమలాపురంలో కోర్టు వాయిదా. మర్నాడు వచ్చేసరికి గండి కొట్టేసేరు."

గోవిందరాజులు చప్పున లేచాడు. గండి కొట్టడంలో మొదటి పలుగు దెబ్బ అతనిదే. "అదేంటండి బావగారూ? మీరు కొట్టమన్నారనే కదండీ కొట్టేం. మీ ఇంటి దగ్గర్నుంచే కదా కబురొచ్చింది. ఏడాది నుంచీ ఊరంతా మీ పేరే చెప్పుకుంటుంటే కాదని ఒక్కనాడూ అనలేదు మీరు."

భీమరాజుగారు చేతిలోని కండువాను మడతపెట్టారు.

"కాదంటే, మరెవరని అడుగుతారు కదా," అన్నారు చివరికి.

శ్రీవాణి తండ్రి వంక చూసింది. ఆయన ఎవరి వంకా చూడటం లేదు. ఊళ్ళో అందరి కళ్ళూ ఎటు తిరుగుతున్నాయో ఆయన కళ్ళు అటు తప్ప అన్నివైపులా తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ తండ్రితో సరిగా మాట్లాడలేదు తను. ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుని తిని, నాన్నను చూసి మొహం తిప్పుకుని వెళ్ళింది. ఆమె తల్లి వైపు తిరిగింది.

"అమ్మా," అంది.

పద్మావతమ్మ లేచింది. బోర్డు దగ్గరకు వెళ్ళింది. ఆవిడ నీడ ఊరి మీద, చెరువు మీద, చుక్కలన్నిటి మీద పడింది. వేలు తీసుకెళ్ళి తూము తలుపు మీద పెట్టింది. తీయలేదు.

"ఏడుకొండలు వచ్చేడు. తలుపు దించకపోతే ఊరు మిగలదన్నాడు. పిడి ఇమ్మన్నాడు, తనే దించుకుంటానన్నాడు. మంచిగానే అడిగేడు. ఇవ్వనన్నాను. రేపు రాజుగారొచ్చేక ఆయన్నే అడుగుతాన్లెండి అని వెళ్ళిపోయేడు. ఈయన వింటే ఇచ్చేస్తారు. నాకు తెలుసు." ఆవిడ గొంతు వణకలేదు. వణికితే బావుండుననిపించింది శ్రీవాణికి. "ఆ చెరువే లేకపోతే వాడు ఊళ్ళో నిలబడడు, ఇంక వాడి మాట వినేవాళ్ళుండరని కబురంపించేను. నేనే. మనిషి పోతాడనుకోలేదు."

గదిలో ఉన్నవాళ్ళకు ఏం చేయాలో తెలియలేదు. ఏం చేయాలో తెలియనప్పుడు మగవాళ్ళు ఏదో ఒకటి చేసేస్తారు. గోవిందరాజులు పంచె ఎగ్గట్టాడు. "అమాస దగ్గరకొచ్చింది. పోటు మళ్ళీ ఎక్కేలోపు తలుపు దించేద్దాం, పదండి." బుచ్చిరాజు లేచాడు, వెనకే పదిమంది లేచారు. ఇంత సేపట్లో మొదటిసారి అందరి మొహాల్లోనూ కాస్త ప్రాణం వచ్చింది.

"అక్కయ్యగారూ, పిడి ఇప్పించండి," అన్నాడు గోవిందరాజులు.

పద్మావతమ్మ బోర్డు మీంచి వేలు తీసింది. "ఇస్తాను," అంది. "పదండి."

రెండడుగులు వేసిందో లేదో, గుమ్మానికి అడ్డంగా దుర్గమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. తిడుతుందనుకున్నారు, కొడుతుందనుకున్నారు. కొట్టినా పట్టుకునేవాళ్ళు లేరు అక్కడ.

"ఒక్క పోటు ఆగండి," అంది దుర్గమ్మ.

"అదేంటి దుర్గమ్మా? దించమని చెప్పింది మీ ఆయనే కదా," అన్నాడు గోవిందరాజులు.

"అవునండి." ఆమె అతని వంక చూడలేదు. పద్మావతమ్మ మొహంలోకి సూటిగా చూసింది. "మీ బాబుకి పిండం పెట్టుకున్నారు అమ్మగారూ. మా ఆయనకి ఇంకా పెట్టలేదండి. మనిషిని చూడకుండా ఎలా పెట్టమంటారు? ఆయన సముద్రంలోనే ఉన్నాడు. వస్తే ఆ దారినే రావాలి."

ఈ ఊళ్ళో ఆ మాట అర్థమయ్యే మనిషి పద్మావతమ్మ ఒక్కతే.

"చెప్పండి అమ్మగారూ," అంది దుర్గమ్మ. "పిడి వాళ్ళకిస్తారా, నాకిస్తారా?"